ముందు ఊలు, తర్వాతే ప్యాటర్న్

ప్రశ్న: నేను హనుమకొండలో ఉంటాను. టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు నిట్టింగ్ నేర్పించారు. నిట్, పర్ల్, రిబ్ అనే మొదటి అల్లికల వరకు వచ్చు. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ సూదులు పట్టుకున్నాను. మా అమ్మాయి షికాగోలో ఉంటుంది, డిసెంబర్‌లో డెలివరీ. పుట్టబోయే బిడ్డకు నా చేత్తో ఒక స్వెటర్ అల్లి పంపాలని ఆశ. నెట్‌లో కనిపించిన అల్లిక సూచనలు, అంటే ఫ్రీ ప్యాటర్న్‌లన్నీ డౌన్‌లోడ్ చేసుకుంటూ పోయాను. ఫోన్ నిండిపోయింది గానీ ఒక్కటీ పూర్తి కాలేదు. ఫొటోలో ఎంతో ముద్దుగా ఉన్న ఒక ఆరు నెలల పాపాయి స్వెటర్ మొదలుపెడితే, అది కాస్తా నాలుగేళ్ల పిల్లాడికి సరిపోయేలా తయారైంది. విప్పేశాను. ఫ్రీవి కాబట్టే ఇలా ఉంటాయా? కొనుక్కుంటేనే మంచివి దొరుకుతాయా? ఇంకో సంగతి. మా వాట్సాప్ గ్రూపులో ఒకావిడ తను డబ్బు పెట్టి కొన్న ప్యాటర్న్‌ల పీడీఎఫ్‌లు అందరికీ పంపుతున్నారు. అవి వాడుకోవచ్చా? మావారేమో "రెడీమేడ్ కొని పంపరాదూ" అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

సమాధానం:

టీచర్ గారూ, మీ స్వెటర్ పెద్దదైపోవడానికీ, ఆ ప్యాటర్న్ ఫ్రీగా దొరకడానికీ ఏ సంబంధమూ లేదు. వెయ్యి రూపాయలు పెట్టి కొన్న ప్యాటర్న్‌తో అల్లినా మీకు అదే స్వెటర్ వచ్చేది. ఫొటో ఎంత ముద్దుగా ఉందో రాశారు గానీ, ఏ ఊలు వాడారు, ఏ సూదులు పట్టారు, పది సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వచ్చాయి అన్నవి రాయలేదు. చిక్కు అక్కడే ఉంది.

ఏం జరిగి ఉంటుందో నా ఊహ చెబుతాను. మీ సూదులు పాతవో, ఇక్కడి బజార్లో కొన్నవో అయి ఉంటాయి. మన దగ్గర సూదుల తల మీద మామూలుగా ఉండేది బ్రిటిష్ నంబరు. ఆ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబర్ అంటే 4 మిల్లీమీటర్లు, 10 నంబర్ అంటే 3.25. అమెరికా లెక్క దీనికి తలకిందులు, అక్కడ నంబరు పెరిగితే సూది లావెక్కుతుంది. వాళ్ల 6 నంబర్ 4 మి.మీ., మన 6 నంబర్ 5 మి.మీ. రెండు లెక్కలూ కలిసేది ఒక్క 7 దగ్గరే, రెంటిలోనూ అది 4.5 మి.మీ. అమెరికన్ ప్యాటర్న్‌లో "6 నంబర్ సూదులు" అని చదివి మీరు మీ పెట్టెలోంచి 6 నంబర్ తీసి ఉంటే, తెలియకుండానే ఒక మిల్లీమీటరు లావు సూదితో అల్లారన్నమాట.

ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. మీరు లెక్కల టీచరో కాదో నాకు తెలియదు, కానీ ఈ లెక్క ఒక్కసారి వేసి చూడండి. ప్యాటర్న్ 10 సెం.మీ.కు 22 కుట్లు అడిగింది అనుకుందాం. స్వెటర్ ఛాతీ చుట్టుకొలత 50 సెం.మీ. రావాలంటే 110 కుట్లు కావాలి. లావు సూదితో మీకు 10 సెం.మీ.కు 18 కుట్లే పట్టాయి. అప్పుడు అవే 110 కుట్లు 61 సెం.మీ. అవుతాయి. 50 సెం.మీ. పాపాయిది, 61 నాలుగేళ్ల పిల్లాడిది. మీరు ఒక్క కుట్టు కూడా తప్పు వేయలేదు, ప్యాటర్న్ కూడా తప్పు చెప్పలేదు.

కాబట్టి ఇక నుంచి సూది నంబరు పట్టించుకోకండి, మిల్లీమీటర్లే చూడండి. మంచి ప్యాటర్న్‌లన్నీ ఇప్పుడు మి.మీ. కూడా రాస్తున్నాయి. పాత సూదుల మీద నంబరు చెరిగిపోతే, రకరకాల సైజుల రంధ్రాలున్న కొలత పలక ఒకటి నిట్టింగ్ సామాన్లు అమ్మేచోట దొరుకుతుంది. సూది ఏ రంధ్రంలో సరిగ్గా దూరితే అదే దాని సైజు.

రెండోది, నమూనా ముక్క, అంటే స్వెటర్‌కు ముందు కొలత కోసం అల్లి చూసే చిన్న ముక్క. చాలామంది దాన్ని దండగ పని అనుకుంటారు. నాకు మాత్రం నిట్టింగ్‌లో అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే. కొత్త ఊలు ఎలా నడుస్తుందో, వేళ్ల మధ్య ఎలా జారుతుందో తెలిసేది అక్కడే. ఓ 30 కుట్లు వేసుకుని, ప్యాటర్న్ చెప్పిన అల్లికతోనే 13, 14 సెం.మీ. ఎత్తు వచ్చేదాకా అల్లండి. దాన్ని ఉతికి, ఆరబెట్టి, ఆ తర్వాతే కొలవండి. అంచులు వదిలేసి మధ్యలో స్కేలు పెట్టి 10 సెం.మీ.లో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టాలి. ప్యాటర్న్ చెప్పినదానికన్నా తక్కువ వస్తే సన్న సూది, ఎక్కువ వస్తే లావు సూది పట్టుకోవాలి. ఈ కొలతను అమెరికన్ ప్యాటర్న్‌లలో గేజ్ అంటారు, బ్రిటిష్ ప్యాటర్న్‌లలో టెన్షన్ అంటారు. మొదటి పేజీలోనే ఉంటుంది.

ఇప్పుడు అసలు మాట. మీరు ప్యాటర్న్‌లు వెతికే వరస మార్చాలి. ఫొటో నచ్చి దాచుకోవడం, తర్వాత అందులో రాసిన ఊలు కోసం బజారంతా తిరగడం, దొరక్క ఏదో ఒకటి కొనడం, అది కుదరక విప్పేయడం... ఇది ఎప్పటికీ తెగదు. ఇంట్లో ఏ కూరగాయలున్నాయో చూసుకున్నాకే కదా ఏం వండాలో ఆలోచిస్తాం! నిట్టింగ్ కూడా అంతే. ముందు మీ చేతిలో ఏ ఊలు ఉంది, ఎన్ని గ్రాములుంది, ఎంత మందం ఉంది అన్నది తేల్చుకోండి. ఆ తర్వాత ఆ ఊలుకు సరిపడే ప్యాటర్న్ వెతకండి.

మందం తేల్చుకోవడం కష్టమేం కాదు. స్కేలు మీద ఊలును ఒక చుట్టు పక్కన ఒకటి, లాగకుండా, వదులు కాకుండా చుట్టండి. ఒక అంగుళంలో సుమారు 14 చుట్లు పడితే అది ఫింగరింగ్ అనే సన్నరకం. 11 దగ్గర పడితే డీకే అనే మధ్యరకం. 9 దగ్గర పడితే వర్‌స్టెడ్, కాస్త లావు. అల్లితే ఫింగరింగ్ 10 సెం.మీ.కు దాదాపు 28 కుట్లు, డీకే 22, వర్‌స్టెడ్ 18 నుంచి 20 వస్తాయి. ప్లై అన్న మాటను మాత్రం గుడ్డిగా నమ్మకండి. ఆస్ట్రేలియా ప్యాటర్న్‌లో 8 ప్లై అంటే డీకే అని అర్థం. మన ఊలు ఉండల మీద రాసే ప్లై ఎన్ని పోగులు పేనారో చెప్పే అంకె మాత్రమే కావచ్చు, మందం చెప్పకపోవచ్చు. లూధియానా మిల్లుల నుంచి వచ్చే యాక్రిలిక్ ఉండలు మన బజార్లలో ఎక్కువ. వాటిలో కొన్నిటి మీద బరువే తప్ప ఎన్ని మీటర్లో రాసి ఉండదు. అందుకే స్కేలు చుట్టు లెక్క అలవాటు చేసుకోమంటున్నాను.

ఊలు తేలింది కాబట్టి, ఎక్కడ వెతకాలో చెబుతాను. ఫ్రీ ప్యాటర్న్ ఎందుకు ఫ్రీగా వస్తోందో తెలిస్తే, ఏది నమ్మదగినదో కూడా తెలుస్తుంది. నార్వేలో గార్న్‌స్టూడియో అనే కంపెనీ ఉంది, డ్రాప్స్ పేరుతో ఊలు అమ్ముతుంది. వాళ్ల ప్యాటర్న్‌లు వేలల్లో ఉన్నాయి, అన్నీ ఉచితం. ప్యాటర్న్ నచ్చితే ఊలు కొంటారని వాళ్ల ఆశ. మీరు వాళ్ల ఊలే కొనాలని ఏమీ లేదు. వాళ్ల ఊలు రకాలను మందాన్ని బట్టి ఎ నుంచి ఎఫ్ వరకు గుంపులు చేశారు. బి గుంపు అంటే 10 సెం.మీ.కు 20 నుంచి 22 కుట్లు వచ్చేది. మీ ఊలు ఏ గుంపులో పడుతుందో తెలుసుకుంటే చాలు. పాపాయి బట్టలకు నెలల వారీగా సైజులిచ్చిన విభాగం పెద్దదే ఉంది. ఒక్క మాట, వాళ్ల రాత చాలా క్లుప్తం. ఒక పేరా అంతా ఏకబిగిన నడుస్తుంది, వరస వరసకూ విడగొట్టి చెప్పరు. కంగారుపడకండి, మీరు రోజూ పిల్లల కాంపోజిషన్లు దిద్దినవారే కదా! పెన్సిల్‌తో వాక్యాలు విడగొట్టుకుంటే దారి కనిపిస్తుంది. చాలా పద్ధతులకు వీడియోలు కూడా పెట్టారు.

కెనడా నుంచి వచ్చే నిట్టీ అనే ఆన్‌లైన్ పత్రిక ఇంకో రకం. ఏమీ సింగర్ అనే ఆవిడ 2002లో మొదలుపెట్టారు. ప్యాటర్న్ రాసినవాళ్లకు పత్రిక డబ్బు ఇస్తుంది, చదివేవాళ్ల దగ్గర తీసుకోదు. పాత సంచికలన్నీ అలాగే ఉంచారు. ఏ ప్యాటర్న్ ఎంత కష్టమో చెప్పడానికి వాళ్లు ఘాటును కొలమానంగా పెట్టుకున్నారు: మెలో, టాంగీ, పికెంట్, ఎక్స్‌ట్రాస్పైసీ. మీరు మొదట మెలోతోనే సరిపెట్టుకోండి.

మూడోది రేవల్రీ అనే వెబ్‌సైట్. 2007లో అమెరికాలో మొదలైంది. ఉచితంగా సభ్యులు కావచ్చు. ఇది ప్యాటర్న్‌ల మహా గ్రంథాలయం అనుకోండి. ఇక్కడ వెతికే పద్ధతి తెలియాలి. ముందు నిట్టింగ్ అని ఎంచుకోండి, లేకపోతే క్రోషా (ఒకే కొక్కెం సూదితో అల్లేది) ప్యాటర్న్‌లు కూడా వచ్చి కలుస్తాయి. తర్వాత ఉచితం అన్నది, మీ ఊలు మందం, మీ దగ్గరున్న మీటర్లు, పాపాయి సైజు ఒక్కొక్కటే ఎంచుకుంటూ పోండి. లక్షల్లోంచి మీకు పనికొచ్చేవి ఒక పేజీకి దిగుతాయి. ఆపైన నేను ఎప్పుడూ చేసే పని, ప్యాటర్న్ పేజీ వదిలేసి దాన్ని అల్లినవాళ్ల పేజీలు తెరవడం. ఒక్కొక్కరు ఏ ఊలు వాడారు, ఎన్ని గ్రాములు పట్టింది, మెడ బిగుతైందా, చేతులు పొడవయ్యాయా అన్నీ రాస్తారు, తమ ఫొటోలు పెడతారు. డిజైనర్ పెట్టే ఫొటోలో మంచి వెలుగు, ముద్దొచ్చే పాపాయి ఉంటారు. అల్లినవాళ్ల ఫొటోల్లో స్వెటర్ ఉంటుంది. నమ్మాల్సింది వీటినే.

పూర్తిగా కొత్తవాళ్లకు టిన్ క్యాన్ నిట్స్ అనే డిజైనర్లు ఒక ఫ్రీ ప్యాటర్న్‌ల వరస రాశారు. అందులో ఫ్లాక్స్ అనే స్వెటర్ ఉంది. అప్పుడే పుట్టిన బిడ్డ నుంచి పెద్దవాళ్ల దాకా సైజులన్నీ ఒకే ప్యాటర్న్‌లో ఇచ్చారు. మెడ దగ్గర మొదలై కిందికి దిగుతుంది, కలిపి కుట్టే పని ఉండదు. గుండ్రంగా అల్లాలి కాబట్టి సర్క్యులర్ నీడిల్ (తీగతో కలిపిన రెండు సూదులు) కావాలి. జైపూర్‌లో తయారయ్యే నిట్‌ప్రో సూదులు దేశమంతా దొరుకుతున్నాయి. గుండ్రంగా అల్లడం మీకు కొత్తయితే మొదట ఒక టోపీ మీద చేయి తిప్పుకోండి. అంత ఓపిక లేదంటే డ్రాప్స్ వాళ్ల దగ్గర మామూలు సూదులతో ముక్కలుగా అల్లి కలిపి కుట్టే చిన్న కోట్లు ఉన్నాయి. అన్ని వరసలూ నిట్ వేస్తే చాలు, ఆ అల్లిక పాపాయికి మెత్తగా, సాగేలా ఉంటుంది.

ఇక చెడ్డవాటిని ఎలా పోల్చుకోవాలి? ఫ్రీ ప్యాటర్న్‌లన్నీ మంచివని నేను అనను. ఈమధ్య కంప్యూటర్ గీసిన బొమ్మలకు కింద నాలుగు ముక్కలు రాసి ప్యాటర్న్ అంటున్నారు. కొంచెం పరికించి చూస్తే అందులో కుట్లు కుట్లలా ఉండవు, ఒక వరస ఎక్కడో మొదలై మధ్యలో మాయమవుతుంది, గుండీలున్నచోట కాజాలుండవు. ప్యాటర్న్‌లో గేజ్ లేకపోతే, ఊలు మందం చెప్పకపోతే, సైజు సెంటీమీటర్లలో లేకుండా "బేబీ" అని మాత్రం ఉంటే, ఎవరూ అల్లిన జాడ లేకపోతే, దాన్ని వెంటనే డిలీట్ చేయండి. మీ ఫోన్‌లో సగం అలా ఖాళీ అవుతుందని నా నమ్మకం. మిగిలినవాటిలో మూడు ఉంచుకోండి: ఇప్పుడు అల్లేది, తర్వాత అల్లేది, ఎప్పటికైనా అల్లాలని కలలు కనేది. మిగతావి ఎక్కడికీ పోవు. నిజంగా నచ్చినది మాత్రం ప్రింట్ తీసి పెట్టుకోండి, వెబ్‌సైట్లు మూతపడుతుంటాయి.

ప్యాటర్న్ చదవడం గురించి కూడా కొంచెం చెప్పాలి. ఇంగ్లీషు పొడి అక్షరాలు చూసి చాలామంది భయపడతారు. నా పద్ధతి ఏమిటంటే, అల్లడం మొదలుపెట్టే ముందు ప్యాటర్న్ మొత్తాన్ని ఒక నోటుబుక్కులో తెలుగులో తిరగరాసుకుంటాను. కె అంటే నిట్, పి అంటే పర్ల్. కె2టాగ్ అని కనిపిస్తే "రెండు కలిపి నిట్" అని రాస్తాను. వైఓ అంటే ఊలును ముందుకు తెచ్చి సూది మీదుగా వేసుకోవడం, అక్కడ ఒక కుట్టు పెరుగుతుంది, ఒక చిన్న రంధ్రం పడుతుంది. ఆర్ఎస్ అంటే బయటికి కనిపించే వైపు, డబ్ల్యూఎస్ అంటే లోపలి వైపు. రెండు నక్షత్రం గుర్తుల (*) మధ్య ఉన్నదాన్ని వరస చివరిదాకా మళ్లీ మళ్లీ చేయాలి. తిరగరాస్తుంటే రెండు లాభాలున్నాయి. ఎక్కడ అర్థం కాలేదో సూది పట్టకముందే తెలుస్తుంది. ప్యాటర్న్‌లోనే తప్పుంటే అదీ బయటపడుతుంది.

సైజులు రాసే తీరు ఇంకో ముళ్లకంప. "56 (64, 68, 72) కుట్లు వేయండి" అని ఉంటే, మొదటి అంకె చిన్న సైజుది, బ్రాకెట్లో ఉన్నవి వరసగా పెద్ద సైజులవి. మీది రెండో సైజు అయితే ప్యాటర్న్ మొత్తంలో ఎక్కడ అంకెలు కనిపించినా బ్రాకెట్లో మొదటిదే మీది. మొదలుపెట్టే ముందే కాగితం మీద మొదటి నుంచి చివరిదాకా మీ అంకెల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టేయండి. ఎర్ర పెన్ను మీకు కొత్త కాదు కదా.

గళ్ల చార్టు ఉన్న ప్యాటర్న్ దొరికితే వదలకండి. చార్టుకు భాషతో పనిలేదు. జపాన్ ప్యాటర్న్‌లు ఎక్కువగా చార్టులతోనే నడుస్తాయి, ఒక్క జపాన్ అక్షరం రానివాళ్లు కూడా వాటిని అల్లుతారు. ముందువైపు వరసలను కుడి నుంచి ఎడమకు, వెనకవైపు వరసలను ఎడమ నుంచి కుడికి చదవాలి. గుండ్రంగా అల్లేటప్పుడు అన్నీ కుడి నుంచి ఎడమకే.

స్వెటర్‌కు ముందు చేయి కుదురుకోవడానికి మీకు ఒక చిన్న ప్యాటర్న్ నేనే ఇస్తాను. ఇది అమెరికాలో తరతరాలుగా చేతులు మారుతూ వస్తున్న వంటింటి గుడ్డ. ఎవరి సొత్తూ కాదు. లావుపాటి కాటన్ దారం, 4 లేదా 4.5 మి.మీ. సూదులు తీసుకోండి. 4 కుట్లు వేసి ఒక వరస నిట్ చేయండి. తర్వాత నుంచి ప్రతి వరసలోనూ 2 నిట్, ఒక వైఓ, మిగతావన్నీ నిట్. వరసకు ఒక కుట్టు పెరుగుతూ పోతుంది. 44 కుట్లు అయ్యాక తగ్గించడం మొదలుపెట్టాలి: 1 నిట్, రెండు కలిపి, వైఓ, రెండు కలిపి, మిగతావి నిట్. ఇలా వరసకు ఒకటి తగ్గుతూ మళ్లీ 4 కుట్లకు వస్తారు. అక్కడ ముగించేయండి. మూలకు నిలబెట్టినట్టుండే చదరం, నాలుగు వైపులా చిన్న రంధ్రాల అంచు వస్తాయి. గిన్నెలు తుడవడానికి బాగా పనికొస్తుంది, మన ఎండలకు ఒళ్లో వేడిగా ఉన్ని పెట్టుకునే బాధ కూడా ఉండదు. కుట్లు పెంచడం, తగ్గించడం, లెక్క నిలుపుకోవడం మూడూ ఇందులోనే వచ్చేస్తాయి.

అది బాగా వచ్చిందనిపిస్తే, స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్‌లాండ్ దీవుల అలల అల్లిక ప్రయత్నించండి. ఓల్డ్ షేల్ అంటారు. 18 కుట్ల మీద నడుస్తుంది. ఒక వరస నిట్, ఒక వరస పర్ల్. మూడో వరసలో రెండేసి కలపడం మూడుసార్లు, "వైఓ, 1 నిట్" ఆరుసార్లు, మళ్లీ రెండేసి కలపడం మూడుసార్లు. నాలుగో వరస నిట్. ఆ నాలుగు వరసలే తిరిగి తిరిగి వస్తాయి. మూడో వరసలో ఆరు కుట్లు తగ్గి ఆరు పెరుగుతాయి కాబట్టి చివర్లో మళ్లీ 18 ఉండాలి, లేకపోతే ఎక్కడో ఒక వైఓ మరిచిపోయారని అర్థం. పాపాయి దుప్పటికి ఇంతకన్నా అందమైన అల్లిక నాకు తెలియదు. ఇలాంటి అల్లికల్లో మధ్య మధ్య ఒక సన్న దారాన్ని సూదికి గుచ్చి, సూది మీదున్న కుట్లన్నిటిలోంచీ లాగి వదిలేయండి. లైఫ్‌లైన్ అంటారు. తప్పు జరిగితే మొత్తం విప్పక్కర్లేదు, ఆ దారం దాకా విప్పితే చాలు.

వాట్సాప్ పీడీఎఫ్‌ల సంగతి. వద్దండీ. మీ మనసుకు కూడా తెలిసే అడిగారనుకుంటున్నాను. ఆవిడ మంచి మనసుతోనే పంపుతుండవచ్చు. కానీ ఆ ప్యాటర్న్ రాసిన మనిషి ఏ ఊళ్లోనో కూర్చుని ఒక్కో సైజుకూ లెక్కలు కట్టి, అల్లించి చూసి, తప్పులు దిద్ది రాసి ఉంటుంది, దాని మీదే ఆమె ఇల్లు గడుస్తూ ఉండవచ్చు. అల్లిక పద్ధతులు ఎవరి సొత్తూ కావు, నిట్, పర్ల్ ఎవరూ రిజిస్టర్ చేసుకోలేరు. ప్యాటర్న్‌లోని రాత, చార్టు, ఫొటోలు మాత్రం రాసినవారివే. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవారి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. ఇష్టపూర్వకంగా ఉచితంగా ఇచ్చినవే ఇన్ని ఉండగా, కొన్నవాటిని పంచుకోవాల్సిన అవసరమే లేదు. గ్రూపులో ఆవిణ్ని నలుగురిలో అనకండి. విడిగా ఒక మాట చెప్పి, ఆవిడ పంపినలాంటి స్వెటర్‌కే ఫ్రీ ప్యాటర్న్ ఒకటి వెతికి లింక్ పంపండి. అది పని చేస్తుంది. ఫ్రీ ప్యాటర్న్ విషయంలో కూడా పీడీఎఫ్ కాకుండా లింకే పంపడం మర్యాద. అల్లినవి అమ్మాలనుకుంటే ప్యాటర్న్ చివర్లో ఏం రాశారో చూడండి, చాలామంది సొంత వాడకానికి మాత్రమే అంటారు.

టీచరుగా పనిచేశారు, చదవడం ఇష్టమే అనుకుని ఇంకో సంతోషం చెబుతాను. ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం లైబ్రరీలో రిచర్డ్ రట్ అనే బిషప్ పోగుచేసిన నిట్టింగ్ పుస్తకాలున్నాయి. ఆయన అల్లిక చరిత్ర కూడా రాశారు. ఆయన పోగుచేసినవాటిలో 19వ శతాబ్దపు పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 1940ల నాటి ప్యాటర్న్‌లు కొన్ని ఉచితంగా ఇచ్చింది. అప్పుడు బ్రిటన్‌లో బట్టలకు రేషన్ ఉండేది, 1941 నుంచి 1949 దాకా. ఆ రోజుల స్వెటర్లు నడుముకు కురచగా, ఒంటికి అతుక్కునేలా ఉండటంలో ఊలు పొదుపు కూడా కనిపిస్తుంది. అల్లకపోయినా వాటిని చదువుతుంటే ఆ ఇళ్లలోకి తొంగిచూసినట్టుంటుంది. అల్లాలంటే మాత్రం జాగ్రత్త, అందులో చెప్పిన ఊలు ఇప్పుడు లేదు, సూదుల నంబర్లు బ్రిటిష్‌వి (ఇక్కడ మాత్రం మీ పాత పెట్టె అక్కరకొస్తుంది).

అలాగే రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన స్త్రీల కోసం కాటన్ దారంతో మెత్తటి కృత్రిమ రొమ్ములు అల్లి ఉచితంగా ఇచ్చే నిటెడ్ నాకర్స్ అనే బృందాలున్నాయి, మన దేశంలోనూ ఉన్నాయి. వాటి ప్యాటర్న్ కూడా ఉచితమే. స్వెటర్ పని అయ్యాక చేతులు ఖాళీగా ఉంటే దాన్ని చూడండి. నిట్టింగ్ వచ్చిన చేతులు మన దగ్గర తక్కువ. నరసాపురం వైపు లేసు అల్లేవాళ్లు ఎంతోమంది ఉన్నారు గానీ అది క్రోషా. మీకున్న ఈ విద్య నిజంగా అవసరమైనచోటు ఇది.

మీవారి మాటకు జవాబు నేను చెప్పను, మీరు స్వెటర్ పూర్తి చేసి చూపించండి.

ఇక పాపాయి స్వెటర్. పుట్టిన బిడ్డ సైజు వద్దు, నాలుగు వారాల్లో పట్టదు. డిసెంబర్‌లో పుడితే షికాగోలో ఏప్రిల్ దాకా చలే కాబట్టి 3 నుంచి 6 నెలల సైజు అల్లండి. చిన్నపిల్లల తల పెద్దది, మెడ ఇరుకుగా ఉంటే ఏడిపిస్తారు. ముందు గుండీలున్నదో, భుజం దగ్గర తెరుచుకునేదో అయితే తొడగడం తేలిక. మెడ దగ్గర రిబ్బన్లు, తాళ్లు పెట్టకండి. గుండీలు గట్టి దారంతో రెండుసార్లు కుట్టి, లాగి చూడండి.

ఊలు ఎంపికలో మీ అమ్మాయి ఇల్లు గుర్తుంచుకోవాలి. అక్కడ అన్నీ వాషింగ్ మెషీన్‌లో, ఆపైన డ్రయర్‌లో పడతాయి. మామూలు ఉన్ని అలా ఉతికితే కుంచించుకుపోయి అట్టలా గట్టిపడుతుంది. సూపర్‌వాష్ అని రాసి ఉన్న ఉన్ని గానీ, మెత్తటి బేబీ యాక్రిలిక్ గానీ తీసుకోండి. యాక్రిలిక్ అయితే ఇస్త్రీ పెట్టె తగలనివ్వకూడదు, వేడికి సాగి జీవం పోతుంది. ఒకే లాట్ నంబరున్న, అంటే ఒకేసారి రంగు వేసిన ఉండలే కొనండి, లేకపోతే చేతుల రంగు ఒకటి, ఒంటి రంగు ఒకటి అవుతుంది. ఒక ఉండ ఎక్కువే తీసుకోండి. పంపేటప్పుడు ఊలు లేబుల్, ఎలా ఉతకాలో రాసిన చిన్న చీటీ, అదే ఊలు మిగిలినది కొంచెం, ఒక గుండీ కలిపి పంపండి.